‘ఎంత చూపించాలండి?’ విదేశీ చదువు, డబ్బు, అపోహలు

శ్రీకాకుళం చుట్టుపక్కల నుంచి పిల్లల్ని విదేశాల్లో చదివించాలని నా దగ్గరికి వచ్చే తల్లిదండ్రులు కూర్చోగానే అడిగేది ఇదే: ‘వీసాకి ఖాతాలో ఎంత చూపించాలండి?’ అసలు ఫీజు ఎంతో అప్పటికి చాలామందికి తెలియను కూడా తెలియదు.

అపోహ: వడ్డీకి తెచ్చి ఖాతాలో వేసి, వీసా వచ్చాక తిరిగి ఇచ్చేస్తే సరిపోతుంది.

వాస్తవం: బ్రిటన్‌కైతే ఆ డబ్బు వరసగా 28 రోజులు కదలకూడదు. ఒక్కరోజు తగ్గినా రిజెక్టే. అదీ విద్యార్థి పేరునో, తల్లిదండ్రుల పేరునో ఉండాలి, మేనమామ ఖాతా చెల్లదు. దొంగ స్టేట్‌మెంట్ పెట్టి దొరికితే పదేళ్లు ఆ దేశం వైపు చూడక్కర్లేదు. జర్మనీ బ్లాక్డ్ అకౌంట్‌లో (ఒకేసారి తీయడానికి వీల్లేని, నెలనెలా కొంతే ఇచ్చే ఖాతా) ఏడాదికి వేసే 11,904 యూరోలు, అక్కడికెళ్లాక నెలకు 992 చొప్పున పిల్లాడు తినడానికే. అప్పులవాడికి ఏం తిరిగిస్తారు?

నరసన్నపేట వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. ఏజెంటు నూటికి రెండు రూపాయల వడ్డీకి డబ్బు వేయించాడట. అప్పిచ్చినవాడు ముందే సంతకం పెట్టించుకున్న చెక్కుతో మధ్యలో కొంత లాగేశాడు. వీసా పోయింది, వడ్డీ మిగిలింది. ‘ఊళ్లో అందరూ ఇలాగే పంపినారు, ఏటి చేయమంటావు బాబూ?’ అన్నాడు. ఆయన్ని ఏమనగలను! ఆ ఏజెంటు మీదే ఒళ్లు మండింది.

ఆయనకు ఎవరూ చెప్పని సంగతేమిటంటే, బ్యాంకు ఇచ్చే ఎడ్యుకేషన్ లోన్ శాంక్షన్ లెటరే (లోన్ మంజూరైందన్న పత్రం) డబ్బుకు ఆధారంగా చెల్లుతుంది. బ్రిటన్‌కి దానితో 28 రోజుల గొడవే ఉండదు. అమెరికా ఐ-20కి (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) కూడా చాలా యూనివర్సిటీలు దాన్ని తీసుకుంటాయి.

పొలం తాకట్టు పెడితే లోనిస్తారనేది ఇంకో భ్రమ. విద్యారుణానికి సాగుభూమిని చాలా బ్యాంకులు ఒప్పుకోవు. ఇల్లు, ఫ్లాటు, ఎఫ్‌డీ లాంటివి అడుగుతాయి. పేరున్న యూనివర్సిటీలో సీటొస్తే కొన్ని బ్యాంకులు తాకట్టు లేకుండానే ఇస్తాయి. ఉద్దానంలో జీడితోట బేరం పెట్టేముందు ఒకసారి బ్యాంకు మెట్లెక్కండి.

మిగతావి గబగబా. కేంద్ర ప్రభుత్వ విద్యారుణ పథకం పీఎం విద్యాలక్ష్మి విదేశీ చదువుకు వర్తించదు. మైనారిటీ విద్యార్థుల ‘పఢో పరదేశ్’ వడ్డీ రాయితీ 2022-23 నుంచే లేదు, దాని పేరు చెప్పి ఫీజు అడిగేవాడిని గుమ్మం దగ్గరే ఆపండి. ఎస్సీ పిల్లలకు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది, దరఖాస్తుకు ఏజెంటు అక్కర్లేదు. పార్ట్‌టైమ్‌తో ఫీజు కట్టేస్తామంటారా? అమెరికాలో చదువు నడిచే రోజుల్లో వారానికి 20 గంటలే, మొదటి ఏడాది క్యాంపస్‌లోనే. కూరగాయలకు సరిపోతే గొప్ప.

లోన్‌కి వారాలు పడుతుంది. సీటు వచ్చేదాకా ఆగకుండా తాకట్టు పెట్టే ఆస్తి ఈసీ (దాని మీద అప్పులున్నాయో లేదో చూపే పత్రం), లింక్ డాక్యుమెంట్లు (ఆ ఆస్తి పాత దస్తావేజులు), ఐటీ రిటర్నులు ఇప్పుడే తీసి పెట్టుకోండి.