వెన్నులో మార్ఫిన్: అపోహలు - వాస్తవాలు

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే-5 (2019-21) ప్రకారం తెలంగాణలో ప్రతి వంద కాన్పుల్లో 60.7 సిజేరియన్లే. చాలావరకు వెన్నులో మత్తు సూదితోనే అవుతాయి. ఆపరేషన్ తర్వాత కోత నొప్పి తగ్గేందుకు ఆ సూదిలోనే కొద్దిగా మార్ఫిన్ కలుపుతారు. దాని మీద అపోహలు కొన్ని ములుగు, నర్సంపేట నుంచి హన్మకొండ దవాఖానలకు వచ్చిన బంధువులవి. కొన్ని సిబ్బందివి. ప్రమాదం రెండో రకంతోనే.

అపోహ: "వెన్నుల సూది ఏస్తే బతికినన్ని దినాలు నడుం గుంజుతది."
కాదు. గర్భంతో వదులైన కీళ్లు, వంగి పాలివ్వడం దీనికి కారణాలు. మామూలు కాన్పయిన వాళ్లకూ ఈ నొప్పి ఉంటుంది. లేచి కూర్చుంటే పెరిగి, పడుకుంటే తగ్గే తలనొప్పి మాత్రం సూది వల్ల కావచ్చు, డాక్టరుకు చెప్పాలి.

అపోహ: మార్ఫిన్ కూడా కాళ్లను మొద్దుబారుస్తుంది.
మొద్దుబార్చేది అదే సూదిలోని మత్తుమందు బుపివకైన్. అది నరాల వేళ్లలో సోడియం దారులు మూసి అన్ని కబుర్లనూ ఆపేస్తుంది. మార్ఫిన్ పనిచేసేది వెన్నుపాము వెనక కొమ్ములో, ముఖ్యంగా రెండో పొరలో. కోత నొప్పిని మోసుకొచ్చే సి, ఎ-డెల్టా నరాలు తర్వాతి కణానికి కబురు అందించేది అక్కడే. ఆ నరాల కొసల మీదా, అందుకునే కణాల మీదా మ్యూ రిసెప్టర్లు (మార్ఫిన్ లాంటి మందులు అతుక్కునే చోట్లు) ఉంటాయి. మార్ఫిన్ వాటిని పట్టుకుంటే కొసల్లో కాల్షియం దారులు మూసుకుని నొప్పి కబురు మోసే రసాయనాలు గ్లుటమేట్, సబ్‌స్టెన్స్ పి విడుదల తగ్గుతుంది. అవతలి కణంలో పొటాషియం దారులు తెరుచుకుని, ఆ కణం తేలిగ్గా స్పందించదు. స్పర్శ, కదలిక అలాగే ఉంటాయి. వెన్నులో మార్ఫిన్ ఇలా నొప్పి తగ్గిస్తుందని 1976లో పరిశోధకులు యాక్ష్, రూడీ ఎలుకల్లో చూపించారు.

అపోహ: మోతాదు అందాజగా కలిపినా ఏం కాదు.
కావలసింది 100 మైక్రోగ్రాములు. 10 మిల్లీగ్రాముల ఆంపుల్లో అది నూరో వంతు. ప్రిజర్వేటివ్ లేని మందునే వాడాలి. ఆంపుల్లోని 1 మి.లీ.ని సెలైన్‌తో 10 మి.లీ. చేస్తే, అందులో 0.1 మి.లీ. చాలు. ఇన్సులిన్ సిరంజితో తీసేవాళ్లు మూత రంగు చూడండి: నారింజ మూత 100 యూనిట్ల సిరంజిలో అది 10 యూనిట్లు, ఎర్ర మూత 40 యూనిట్ల దాంట్లో 4 మాత్రమే. ఎర్రదాంట్లో 10 తీస్తే 250 మైక్రోగ్రాములు వెళ్తాయి.

అపోహ: "మంచిగ పండుకున్నది, లేపకుండ్రి."
ఇదే అన్నిటికన్నా చెడ్డది. మార్ఫిన్ జాతికే చెందిన ఫెంటనిల్ కొవ్వులో తేలిగ్గా కరుగుతుంది కాబట్టి త్వరగా పనిచేసి, కొన్ని గంటల్లో వెళ్లిపోతుంది. మార్ఫిన్ నీళ్లలో కరిగేది. వెన్ను ద్రవంలో నిలిచి 12 నుంచి 24 గంటలు నొప్పి తగ్గిస్తుంది, మెల్లగా మెదడు వైపూ పాకుతుంది. శ్వాస నెమ్మదించేది సాధారణంగా 6 నుంచి 12 గంటల మధ్య, అంటే పగటి ఆపరేషన్‌కు రాత్రిపూట. ముందు మగత వస్తుంది. పిలిచి చూడాలి, ఛాతీ కదలిక నిండు నిమిషం లెక్కపెట్టాలి. నిమిషానికి పది శ్వాసల కన్నా తగ్గితే డాక్టరును పిలవాలి. ఆక్సిజన్ పెట్టి ఉంటే పల్స్ ఆక్సీమీటర్ అంకె బాగానే కనిపించి మోసం చేస్తుంది. 150 మైక్రోగ్రాములు దాటినా, గురక జబ్బు, ఊబకాయం ఉన్నా మొదటి 12 గంటలు గంటకోసారి, తర్వాతి 12 గంటలు రెండు గంటలకోసారి చూడాలి.

అపోహ: దురద లేస్తే మందు పడలేదు, ఏవిల్ (అలర్జీ మందు) వేయాలి.
ముఖం, ముక్కు దురద మ్యూ రిసెప్టర్ల పనే, అలర్జీ కాదు. ఏవిల్ దురద తగ్గించకుండా నిద్ర తెస్తుంది, మనం వెతికే మగతను కప్పేస్తుంది. దురద భరించలేనిదైతే నాల్‌బుఫిన్ అనే మందు మేలు.

శ్వాస తగ్గితే మార్ఫిన్‌కు విరుగుడైన నాలోక్సోన్‌ను 40 మైక్రోగ్రాముల చొప్పున ఐవీలో ఇస్తూ చూడాలి. దాని ప్రభావం గంట లోపే పోవచ్చు, మార్ఫిన్ అప్పటికీ ఉంటుంది. తేరుకుందని పక్క నుంచి కదలొద్దు, రెండో ఆంపుల్ అక్కడే ఉంచండి.