సయాటికా వస్తే మంచం పట్టాల్సిందేనా? అపోహలు - వాస్తవాలు

"డిస్క్ జారిందట మేడం, నెల రోజులు కదలకూడదట." ఫిజియోథెరపిస్టుగా నేను రోజూ వినే మాట ఇది. ఎవరు చెప్పారని అడిగితే చాలాసార్లు తెలిసినవాళ్లో, ఫోన్‌లో చూసిన వీడియోనో. సయాటికా అంటే నడుము దగ్గర మొదలై పిరుదు మీదుగా కాలిలోకి దిగే సయాటిక్ నరం నొప్పి. డిస్క్ అంటే వెన్నుపూసల మధ్య మెత్తటి దిండులాంటిది.

అపోహ: నొప్పి పూర్తిగా పోయేదాకా పడుకునే ఉండాలి.

వాస్తవం: నొప్పి భరించలేనంతగా ఉంటే ఒకటి రెండు రోజులు పడుకోండి, తప్పులేదు. అంతకు మించితే నష్టమే. నడుము, పిరుదుల కండరాలు నీరసిస్తాయి, కీళ్లు పట్టేస్తాయి, కదలాలంటేనే భయం పట్టుకుంటుంది.

ఒకాయన ఐదు వారాలు మంచం మీదే ఉండి నా దగ్గరికి వచ్చారు. కుర్చీలోంచి లేపడానికి ఇద్దరు పట్టుకోవాల్సి వచ్చింది. "నడిస్తే నరం తెగిపోతుందేమో" అని కళ్లనీళ్లు పెట్టుకున్నారు. నడకకి నరం తెగదండీ. సయాటిక్ నరం ఒంట్లోకెల్లా లావుపాటి నరం. డిస్క్ ఒత్తిడికి, వాపుకి వెన్ను దగ్గర, దాని వేరులో చిరాకుపడుతుంది, అందుకే కాలు జివ్వుమని లాగుతుంది. ఆయన్ని మొదట మూడేసి నిమిషాలే, రోజుకి చాలాసార్లు నడిపించాను. వారం తిరిగేసరికి కంగారుగా ఫోన్ చేశారు: పిక్కలో నొప్పి పోయింది గానీ నడుములో ఎక్కువైందట. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. నొప్పి పాదం వైపు నుంచి నడుము వైపు వెనక్కి రావడం సాధారణంగా మంచి సూచన. కిందికి, పాదం దాకా పాకితే ఆ వ్యాయామం ఆపేసి మీ థెరపిస్టుకి చెప్పండి.

అపోహ: ఎంఆర్ఐలో డిస్క్ బల్జ్ (ఉబ్బు) ఉందంటే ఆపరేషనే.

వాస్తవం: ఏ నొప్పీ లేని ఇరవై ఏళ్లవాళ్లని స్కాన్ చేసినా దాదాపు 30 శాతం మందిలో బల్జ్ కనిపిస్తుంది. రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. బయటికొచ్చిన డిస్క్ ముక్క చాలామందిలో దానంతటదే కుంచించుకుపోతుంది. ఎక్కువమందికి 6 నుంచి 12 వారాల్లో బాగా తగ్గుతుంది. తగ్గకపోతే అప్పుడు ఆపరేషన్ గురించి ఆలోచించవచ్చు.

నడుముకి పెట్టుకునే బెల్ట్ నరాన్ని బాగుచేయదు. గట్టిగా మర్దన చేయించుకుంటే డిస్క్ లోపలికి వెళ్లదు. కాలు లాగిన ప్రతిసారీ అది సయాటికా కాదు.

ఇవి మాత్రం ఆగేవి కావు: మూత్రం రాకపోవడం, లేదా మూత్ర, మల విసర్జన మీద అదుపు తప్పడం, తొడల మధ్య, మలద్వారం చుట్టూ స్పర్శ పోవడం, రెండు కాళ్లూ బలహీనపడటం. వీటిలో ఏది కనిపించినా వెంటనే ఎమర్జెన్సీకి వెళ్లండి, రాత్రయినా సరే. పాదం పైకి ఎత్తలేక నేలకి ఈడుస్తున్నా అదే రోజు డాక్టరుకి చూపించండి.