బల్ల మీద 120, ఇంటికొచ్చాక 90

తొడ ఎముక విరిగి, నెలల తరబడి కాలు కదపకుండా ఉన్న ఒక పాఠకుడు అడిగారు: "బిగుసుకున్న మోకాలికి ఆపరేషన్ చేశారు. బల్ల మీద 120 డిగ్రీలు వంగిందన్నారు. ఇప్పుడు 90 దాటడం లేదు. మిగతా 30 ఎక్కడికి పోయాయి?"

ఎంత మంచి ప్రశ్నో! మోకాలిని తలుపు బందుతో పోల్చి పాఠం చెబుతారు. ఆ పోలిక నాకు అస్సలు నచ్చదు. బందు బిగిస్తే నూనె వేస్తాం కాబట్టి మోకాలికీ నూనె పట్టించి మర్దిస్తే చాలనుకుంటారు. రాసిన నూనె కీలు లోపలికి చేరదు. అసలు బిగుతు చాలాసార్లు ఉండేది కీలు పైన, తొడలో.

కాలు పూర్తిగా మడవాలంటే మోకాలి చిప్ప తొడ ఎముక మీద దాదాపు 8 సెంటీమీటర్లు కిందికి జారాలి. దానికోసం చిప్ప పైన, కండరానికీ ఎముకకూ మధ్య, పలుచటి పొర సంచి ఒకటి ఉంది. కొత్త ప్లాస్టిక్ కవరును గుర్తు తెచ్చుకోండి. దాని రెండు పొరలూ ఒకదానికొకటి అంటుకుని ఉంటాయి, వేళ్లతో కాస్త నలిపితే విడిపోతాయి. మోకాలిలో ఆ నలిపే పని కదలికే చేస్తుంది. గాయపు రక్తం లోపల గడ్డకట్టి, కదలికా ఆగిపోతే ఆ కవరుకు సీలు పడుతుంది. ముందు మెత్తటి జిగురులా ఉన్నది వారాలు గడిచేకొద్దీ కొల్లాజెన్ దారాలతో గట్టి మచ్చ అవుతుంది.

మొదటి రెండు మూడు నెలల్లో అయితే మత్తు ఇచ్చి మెల్లగా వంచి విడదీయవచ్చు. పాదం పట్టుకుని కాదు, మోకాలికి దగ్గరగా పిక్క పైభాగాన్ని పట్టుకుని వంచాలి. వాడక లేక బలహీనపడిన ఎముక పొడవాటి మీటను తట్టుకోలేదు, విరుగుతుంది. ఆలస్యమైతే ఆర్థ్రోస్కోప్‌తో, అంటే చిన్న రంధ్రం గుండా కీలు లోపలికి పంపే సన్నటి కెమెరా గొట్టంతో చూస్తూ, లోపలి అతుకులను కోస్తారు.

కవరు బయటి వైపు కూడా అంటుకుంటే? విరిగిన చోట కండరమే ఎముకకు అతుక్కుంటే లోపల ఎంత కోసినా లాభం లేదు. పైగా కాలు చాచే ఉంచడం వల్ల కండరపు పోగుల్లో గొలుసు లింకుల్లా వరుసగా ఉండే సార్కోమియర్లనే చిన్న భాగాల సంఖ్య తగ్గి, కండరం నిజంగానే పొట్టిదవుతుంది. అప్పుడు చేసేది క్వాడ్రిసెప్స్‌ప్లాస్టీ, అంటే తొడ ముందు కండరాన్ని సరిచేసే ఆపరేషన్. కండరాన్ని ఎముకకు కట్టే తాడును, అంటే స్నాయువును, కోసి పొడిగిస్తే మోకాలు వంగుతుంది, కానీ కాలు పూర్తిగా చాచే బలం తగ్గుతుంది. ఫ్రాన్స్‌కు చెందిన రాబర్ట్ జూడే 1959లో వివరించిన పద్ధతి నాకు చాలా ఇష్టం. అందులో తాడును పొడిగించరు, తాడు కట్టిన గూటాన్ని కిందికి జరుపుతారు. ముందు చిప్ప పక్కల అతుకులు, తర్వాత తొడ ఎముకకు అంటిన కండరం, అవసరమైతే చివరగా తొడ ముందు కండరంలో ఒక భాగమైన రెక్టస్ ఫెమోరిస్ తుంటి దగ్గర ఎముకకు అంటుకున్న చోటు విడిపిస్తారు. ఒక్కో మెట్టు దాటాక వంచి చూస్తారు, సరిపోతే అక్కడితో ఆపేస్తారు.

ఇక ఆ 30 డిగ్రీలు. బల్ల మీద నొప్పి లేదు, వాపు లేదు, కండరం ఎదురు తిరగదు. మెలకువ వచ్చాక ఈ మూడూ తిరిగొస్తాయి. విడదీసిన పచ్చి పొరల మధ్య రక్తం చేరి, కవరు మళ్లీ అంటుకోవడం మొదలుపెడుతుంది. అందుకే నరాల మత్తు కొనసాగిస్తూ మొదటి రోజు నుంచే మోకాలిని కదిలిస్తారు. కెనడా సర్జన్ రాబర్ట్ సాల్టర్ 1970లలో ముందుకు తెచ్చిన నిరంతర కదలిక యంత్రాన్ని, అంటే కాలిని తానే వంచి చాపుతూ ఉండే యంత్రాన్ని, ఈ దశలో చాలామంది వాడతారు. ఎంత చేసినా కొంత వెనక్కి పోవడం మామూలే.

మీకు దక్కిన 90 చిన్నదేమీ కాదు. నడకకు 60–70 చాలు, మామూలు మెట్లు కూడా ఎక్కవచ్చు. తక్కువ ఎత్తు కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేవడానికి మరికొంత కావాలి. గొంతుక్కూర్చోవాలంటే 120 కూడా చాలకపోవచ్చు. ఇప్పుడు మీ ఫిజియోథెరపిస్టును ఇంకో సంఖ్య కూడా అడగండి: పడుకుని కాలు చాపితే మోకాలు పూర్తిగా తిన్నగా అవుతోందా, ఎన్ని డిగ్రీలు తక్కువగా ఉంది? అది తిన్నగా కాకపోతే నిలబడ్డంతసేపూ తొడ కండరం బిగపట్టే ఉండాలి, నడకలో ముందు అలసిపోయేది అదే.