బొటనవేలితో కొనే స్పాంజి: పాత జీపు సీట్ల గురించి అపోహలు, వాస్తవాలు

సీటు బాగుచేయించుకోవడానికి మా షెడ్డుకు వచ్చే ప్రతి ఒక్కరూ మొదట చేసే పని ఒకటే. గోడకు ఆనించిన స్పాంజి షీట్ల దగ్గరకు వెళ్లి బొటనవేలితో నొక్కుతారు. మెత్తగా దిగితే "ఇది బాగుందండీ" అంటారు, దిగకపోతే మొహం చిట్లిస్తారు. మనిషి కూర్చునేది బొటనవేలి మీద కాదు కదా అని నాకు నవ్వొస్తుంది. వ్యాపారం కాబట్టి నవ్వను.

విజయవాడ ఆటోనగర్‌లో సీట్ల పని చేస్తుంటాను. కార్లు, బస్సులు కూడా వస్తాయి గానీ నాకు ఇష్టమైనవి పాత జీపులు: మహీంద్రా ఎంఎం 540, మేజర్, కమాండర్, ఇంకా 1985లో మొదలైన మారుతి జిప్సీ. వీటన్నిటికీ ముందూ వెనకా కమాన్ కట్టలే, అంటే ఉక్కు పట్టీలు పేర్చి కట్టిన స్ప్రింగులే. ఇప్పటి బండ్లలా గతుకును అవి మింగవు, తిన్నగా పైకి పంపిస్తాయి. శ్రీశైలం అడవిలో ఇష్టకామేశ్వరి అమ్మవారి గుడికి జీపులో వెళ్లినవాళ్లకూ, అహోబిలంలో పావన నరసింహస్వామి దారి చూసినవాళ్లకూ ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. అలాంటి దారిలో బండరాయికీ వెన్నెముకకూ మధ్య మిగిలే ఆఖరి అడ్డు సీటే. అందుకే ఈ బండ్ల సీట్ల విషయంలో జనం నమ్మే కొన్ని మాటలు నన్ను ఊరుకోనివ్వవు.

అపోహ: స్పాంజి ఎంత మెత్తగా ఉంటే ప్రయాణం అంత హాయి

షెడ్డులో రెండు నిమిషాలు కూర్చుంటే నిజమేననిపిస్తుంది. అయితే కూర్చున్న మనిషి బరువులో ఎక్కువ భాగం పిరుదుల లోపల ఉండే రెండు ఎముకల కొనల మీద పడుతుంది. మెత్తని స్పాంజిలో ఆ రెండు చోట్లా సగానికి పైగా మందం ముందే నలిగిపోయి ఉంటుంది. అప్పుడు బండి గోతిలో పడితే నలగడానికి ఇంకేమీ మిగలదు, ఎముక నేరుగా ఇనుప ఫ్రేమును తాకినంత పని అవుతుంది. నేను దీన్ని సీటు అడుగంటడం అంటాను. అన్నం అడుగంటితే వాసన వస్తుంది, సీటు అడుగంటితే మర్నాడు నడుము నొప్పి వస్తుంది.

ఇంకో సంగతి ఉంది. కూర్చున్న మనిషి శరీరం సెకనుకు 4 నుంచి 8 సార్లు వచ్చే నిలువు కుదుపులకు అన్నిటికన్నా ఎక్కువగా అల్లాడుతుంది. మరీ మెత్తగా, మందంగా ఉన్న సీటు ఆ కుదుపును తగ్గించకపోగా ఒక్కోసారి పెంచుతుంది. ఉయ్యాల సరైన సమయంలో తోస్తే ఎలా పైపైకి పోతుందో అలాగే.

జీపుకు కావలసింది మొదట కాస్త లొంగి, దిగేకొద్దీ ఎదురు తిరిగే స్పాంజి. దీన్ని కొలవడానికి పద్ధతి ఉంది. దాదాపు 20 సెంటీమీటర్ల వ్యాసమున్న గుండ్రటి పళ్లెంతో స్పాంజిని మందంలో 25 శాతం దాకా నొక్కడానికి ఎంత బలం పట్టిందో, 65 శాతం దాకా నొక్కడానికి ఎంత పట్టిందో చూస్తారు. రెండో అంకె మొదటిదానికి రెట్టింపుకన్నా ఎంత ఎక్కువ ఉంటే అడుగంటే ప్రమాదం అంత తక్కువ. సాధారణ స్పాంజిలో ఇది రెట్టింపు అటూ ఇటూ ఉంటుంది. హెచ్‌ఆర్ (హై రెసిలియెన్స్, అంటే బాగా ఎగదన్నే) ఫోమ్ అని అమ్మే రకంలో అంతకు మించి ఉంటుంది. ఈ తేడా బొటనవేలికి ఎప్పటికీ తెలియదు.

అపోహ: డెన్సిటీ ఎక్కువంటే గట్టి స్పాంజి అని అర్థం

మా వ్యాపారంలో ఇంతకన్నా ముదిరిన అపోహ లేదు. అమ్మేవాళ్లలోనే సగం మంది దీన్ని నమ్ముతారు. డెన్సిటీ అంటే బరువు, అంతే. ఒక ఘనపు మీటరు స్పాంజి 40 కిలోలు తూగితే అది 40 డెన్సిటీ. గట్టిదనం వేరే లెక్క. తయారుచేసేటప్పుడు రసాయనాల పాళ్లు మార్చి 50 డెన్సిటీలో మెత్తగానూ చేయవచ్చు, 28 డెన్సిటీలో చెక్కలాగానూ చేయవచ్చు. ఆ తేలికపాటి గట్టి స్పాంజి తొలి నెలంతా మహా బాగుంటుంది. ఏడాది తిరిగేసరికి దాని లోపలి చిన్న చిన్న గదుల గోడలు విరిగి గుంట పడుతుంది. డెన్సిటీ చెప్పేది ఎక్కువగా మన్నిక గురించి, హాయి గురించి కాదు.

దీన్ని పరీక్షించడానికి కిరాణా కొట్టు త్రాసు చాలు. 50 సెంటీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 10 మందం ఉన్న ముక్క కోయించండి. 40 డెన్సిటీ అయితే అది సరిగ్గా కిలో తూగాలి. 32 అయితే 800 గ్రాములు, 50 అయితే కిలోంబావు. అంతకు తగ్గితే షీటు మీద వేసిన ముద్ర అబద్ధం చెబుతున్నట్టు. డ్రైవరు సీటుకు నేను 40కి తక్కువ వేయను. రోజూ కొండ దారుల్లో తిరిగే కిరాయి బండి అయితే 50 వేస్తాను. అడుగున అంగుళం మందం రీబాండెడ్ షీటు పరుస్తాను. స్పాంజి తుక్కును జిగురుతో కలిపి అచ్చుపోసిన ఆ రంగురంగుల షీటు బరువుగా, మొండిగా ఉంటుంది. పైన కూర్చోవడానికి పనికిరాదు గానీ పునాదికి దాన్ని మించింది లేదు.

త్రాసును కూడా మోసం చేసేవాళ్లు ఉన్నారు. స్పాంజి పోసేటప్పుడే సుద్దపొడి లాంటి సున్నపు పొడి కలిపితే బరువు పెరుగుతుంది, బలం పెరగదు. అలాంటి ముక్కను నలిపితే వేళ్లకు పొడి అంటవచ్చు. దానికి మా ఆటోనగర్‌లో దొరికే మందు బేరింగు గుండు. పదహారు మిల్లీమీటర్ల ఉక్కు గుండును అర మీటరు ఎత్తు నుంచి స్పాంజి మీద వదలండి. మంచి హెచ్‌ఆర్ ఫోమ్ మీద అది సగానికి పైగా ఎత్తుకు ఎగురుతుంది. పొడి కలిపిన సరుకు మీద ఉసూరుమంటూ కూలబడుతుంది. ఈ పరీక్ష చేస్తుంటే పక్క షెడ్డు పిల్లలు గోళీలాట అనుకుని చుట్టూ చేరతారు, అది వేరే సంగతి.

అపోహ: సీటులో గుంట పడిందంటే స్పాంజి పోయినట్టే

ఒక ఎంఎం 540 యజమాని రెండేళ్లలో మూడుసార్లు స్పాంజి మార్పించి, నాలుగోసారి నా దగ్గరకు వచ్చారు. సీటు తిరగేసి చూస్తే అడుగున ఉండే పాము వంకర స్ప్రింగుల్లో రెండు కొక్కేల నుంచి ఊడి వేలాడుతున్నాయి. స్ప్రింగులకూ స్పాంజికీ మధ్య ఉండాల్సిన గోనెపట్ట ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది. ఇనుప తీగ స్పాంజిని కింది నుంచి కత్తిలా కోస్తోంది. ముగ్గురు పనివాళ్లు పైపైన పనిచేసి డబ్బు పుచ్చుకున్నారు, ఒక్కరూ సీటు తలకిందులు చేయలేదు.

అందుకే స్పాంజి ధర అడిగే ముందు సీటు బోర్లించండి. స్ప్రింగులు ఒక్కొక్కటీ లాగి చూడండి. ఫ్రేము మూలల్లో, సీటు జరిపే పట్టాల దగ్గర వెల్డింగ్ చీలిందేమో చూడండి. స్ప్రింగు మార్చాక దాని మీద మందపాటి గోనె గానీ ఫెల్టు గానీ పరిచి కట్టాలి. వాటికయ్యే ఖర్చు స్పాంజితో పోలిస్తే చాలా తక్కువ. మన్నికలో తేడా మాత్రం ఏళ్లలో ఉంటుంది.

వెల్డింగ్ మాట వచ్చింది కాబట్టి ఇక్కడే గట్టిగా చెబుతున్నాను. సీటు మీద స్పాంజి ఉండగా ఫ్రేముకు వెల్డింగ్ పెట్టనివ్వకండి. తడిగుడ్డ కప్పాంలే అన్నా ఒప్పుకోవద్దు. సీట్లలో వేసే ఈ పాలీయూరిథేన్ స్పాంజికి నిప్పు అంటుకుంటే చూస్తుండగానే పాకుతుంది. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్‌తో పాటు హైడ్రోజన్ సయనైడ్ కూడా ఉంటుంది. స్పాంజి అతికించే సొల్యూషన్ ఆవిరి కూడా భగ్గుమనేదే. ఇనుప పని ముందు, రంగు ఆరాక స్పాంజి పని. మా షెడ్డులో ఈ వరస తప్పితే కుర్రవాళ్లకు ఆ రోజు కూలి ఉండదు.

అపోహ: పాతదాని మీద ఒక అంగుళం షీటు వేస్తే సరిపోతుంది

ఈ తప్పు నేనే చేశాను కాబట్టి ఇంకొకరి మీద నెట్టను. పని నేర్చుకున్న కొత్తలో ఒక జిప్సీ డ్రైవరు సీటు గుంట పడితే, అడుగు స్పాంజి కదపకుండా పైన అంగుళంన్నర షీటు అతికించి కొత్త రెక్జిన్ కుట్టాను. చూడటానికి పెళ్లిపీటలా ఉంది. వారం తిరగకుండా ఆయన వెనక్కి వచ్చారు. తొడలు స్టీరింగుకు తగులుతున్నాయట, క్లచ్ తొక్కితే మడమ నేల మీద ఆనడం లేదట, అద్దంలో వెనక బండి బదులు నేల కనిపిస్తోందట. పైగా లోపల నలిగిపోయిన స్పాంజి ఇంకా కుంగుతూనే ఉంది, కొత్త పొర దాంతో పాటే గుంటలోకి జారింది. మొత్తం విప్పి నా ఖర్చుతో మళ్లీ చేశాను.

సీటు ఎత్తు అంటే హాయి ఒక్కటే కాదు. పెడళ్లకు కాలు అందడం, టాపుకూ తలకూ మధ్య జాగా, బెల్టు తుంటి ఎముక మీద సరిగ్గా పడటం అన్నీ దాని మీదే ఆధారపడతాయి. కాబట్టి విప్పే ముందే కొలవాలి. అయితే కుంగిన సీటును కొలిస్తే ఏం లాభం? అసలు ఎత్తు తెలియాలంటే ఎవరూ కూర్చోని చోటు వెతకాలి. పక్క సీటు తక్కువ వాడి ఉంటుంది. డ్రైవరు సీటులోనే గేరు వైపు వెనక మూల దాదాపు కొత్తదిలా ఉంటుంది. తలుపు వైపు అంచు మాత్రం ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ నలిగి నలిగి ముందుగా చస్తుంది. ఆ అంచుకు కాస్త గట్టి రకం ముక్క విడిగా పెడితే మీ డబ్బుకు న్యాయం జరుగుతుంది. ఇక చివరి కొలత, బండి తోలే మనిషిని కూర్చోబెట్టి తీసుకునేదే. నలభై కిలోల కుర్రవాణ్ణి కూర్చోబెట్టి తొంభై కిలోల యజమానికి సీటు చేయకూడదు.

అపోహ: పైన రెక్జిన్ ఉంది కదా, నీళ్లు లోపలికి పోవు

రెక్జిన్ గుడ్డలోంచి పోవు. సూది చేసిన రంధ్రాల్లోంచి పోతాయి, ఒక్కో కుట్టు వరసలో వందల రంధ్రాలు ఉంటాయి. టాపు తీసిన జీపు ఒక్క వానలో తడిస్తే, కూర్చునే స్పాంజి గదులు తెరుచుకుని ఉంటాయి కాబట్టి నీటిని పీల్చి రోజుల తరబడి దాచుకుంటుంది. వాసన, బూజు పైకి తెలుస్తాయి. ఫ్రేముకు పట్టే తుప్పు మాత్రం తెలియదు. దీనికి విరుగుడని కొందరు స్పాంజిని నాలుగు వైపులా ప్లాస్టిక్ కవరులో మూట కట్టేస్తారు. అది ఇంకా చెరుపు. లోపలికి వెళ్లిన నీరు బయటికి రాదు, కూర్చున్నప్పుడల్లా గాలి పోక సీటు బెలూనులా ఉబ్బుతుంది. పల్చటి షీటు పైనా పక్కలా వేసి అడుగు వదిలేయండి. తడిసిన సీటును ఊడదీసి నిలువుగా ఆనించి, నీడలో గాలికి ఆరబెట్టండి.

అపోహ: కొబ్బరి పీచు సీటు పాత చింతకాయ పచ్చడి

పాత సీట్లు విప్పితే కొన్నిటిలో గోధుమ రంగు పీచు దిమ్మ కనిపిస్తుంది. చుట్టలు తిప్పిన కొబ్బరి పీచు మీద రబ్బరు పాలు చల్లి, అచ్చులో వేడితో బిగించిన సరుకు అది. కుర్రవాళ్లు చూడగానే చెత్తలో వేస్తారు, నేను ఆపుతాను. దానిలోంచి గాలి ఆడుతుంది, మే నెలలో బెజవాడ ఎండలో నడిచే బండికి అది చిన్న విషయం కాదు. చేత్తో విదిలిస్తే పొడి రాలకుండా, వంచితే మళ్లీ లేస్తే దాన్ని అడుగు పొరగా ఉంచి పైన రెండంగుళాల మంచి స్పాంజి వేయండి. పెళుసుబారి రాలుతుంటే మాత్రం మొహమాటం వద్దు.

మెమరీ ఫోమ్ గురించి కూడా అడుగుతుంటారు. అది వేడికి మెత్తబడుతుంది, చలికి బిగుస్తుంది. ఎండలో నిలిపిన జీపులో జావలా, లంబసింగి తెల్లవారుజామున పలకలా ఉంటుంది. నా సలహా: మంచానికి ఉంచుకోండి.

పసుపు పచ్చబడిన స్పాంజి అంతా పాడైనట్టు కాదు. వెలుతురు, గాలి తగిలితే పైపొర రంగు మారుతుంది. గోటితో గీరితే పొడిగా రాలుతోందా, పిడికిట్లో నలిపి వదిలితే లేస్తోందా అన్నది చూడండి. ఆవిరి పడితే చచ్చిన స్పాంజి లేస్తుందన్నది సగం నిజం. మడతలు పడిన కొత్త స్పాంజి, ముడతలు పడిన రెక్జిన్ ఆవిరికి సర్దుకుంటాయి. గోడలు విరిగిన స్పాంజి ఆ పూటకు ఉబ్బి మర్నాటికి మళ్లీ కూర్చుంటుంది.

ఇక అతికించడం. సొల్యూషన్ ఎంత ఎక్కువ పూస్తే అంత గట్టి అనుకుని కూర్చునే చోటంతా పూస్తారు. ఆరాక అది అట్టలా గట్టిపడి, నలిగే చోట గీతలా గుచ్చుకుంటుంది. పొరల అంచుల దగ్గర పూస్తే చాలు, పైన బిగిసే కవరే మిగతాది పట్టి ఉంచుతుంది. అందుకోసమే స్పాంజిని కవరు కొలతకన్నా చుట్టూ ఒక సెంటీమీటరు పెద్దగా కోస్తాం, పైన పల్చటి పాలిస్టర్ దూది పొర వేస్తాం.

కొత్త స్పాంజి మొదటి రెండు వారాల్లో కొద్దిగా దిగుతుంది, రెక్జిన్ కొద్దిగా సాగుతుంది. అది లోపం కాదు. పదిహేను రోజులకు బండి మళ్లీ తీసుకురండి. అడుగున కట్టిన తీగలు విప్పి, కవరు లాగి మళ్లీ బిగించడానికి అరగంట పడుతుంది. ఆ పనికి నేను డబ్బు తీసుకోను, టీలు మాత్రం మీవే.