ఎన్నింటికి నిద్ర లేవాలో ఎవరు చెప్పాలి?

పిల్లలూ,

"కాళ్లూ చేతులూ కదలని మనిషి సొంతంగా ఇల్లు తీసుకుని ఎలా ఉంటారు? అందరినీ ఒకచోట ఉంచి ప్రభుత్వమే చూసుకుంటే మేలు కదా?" అని అడిగారు. చాలాకాలం ప్రభుత్వాలు కూడా ఇలాగే అనుకున్నాయి. ఊరికి దూరంగా పెద్ద భవనాలు కట్టించి వికలాంగులను అక్కడ చేర్చాయి. తిండికీ మందులకూ లోటు లేకపోయినా, ఎన్నింటికి లేవాలి, ఏం తినాలి, పక్క మంచం ఎవరిది, చుట్టాలు ఎప్పుడు రావచ్చు అన్నవన్నీ సంస్థే నిర్ణయించేది. సిబ్బంది డ్యూటీ మారే వేళకు నిద్ర రాకపోయినా పడుకోవాల్సిందే. ఏ నేరం చేశారని?

అమెరికాలో ఎడ్ రాబర్ట్స్ అనే ఆయనకు పద్నాలుగేళ్ల వయసులో పోలియో వచ్చి మెడ కింది భాగం దాదాపు చచ్చుబడిపోయింది. ఊపిరి తీసుకోవడానికి రాత్రిళ్లు యంత్రంలో పడుకోవాలి. ఇంత వైకల్యంతో ఈయన ఉద్యోగమేం చేస్తాడని ప్రభుత్వ పునరావాస శాఖ మొదట పెదవి విరిచింది. అయినా పట్టుబట్టి 1962లో బర్క్‌లీలోని విశ్వవిద్యాలయంలో చేరాడు. సహాయకులను తనే ఎంచుకుని, ఏ పని ఎలా చేయాలో తనే చెప్పి చేయించుకున్నాడు. ఆయనా మిత్రులూ కలిసి 1972లో అదే ఊళ్లో, సొంతంగా బతకాలనుకునే వికలాంగులకు తోడ్పడే, వికలాంగులే నడిపే కేంద్రం పెట్టారు. 1975లో ఆయన కాలిఫోర్నియా పునరావాస శాఖకు, అంటే తనను పనికిరాడన్న ఆ శాఖకే, డైరెక్టరయ్యాడు! ఈ ముచ్చట ఎన్నిసార్లు చెప్పినా నాకు తనివి తీరదు.

ఆయన స్నానం తనంతట తాను చేయలేకపోయాడు, నిజమే. కానీ ఎప్పుడు చేయాలో, ఎవరు చేయించాలో చెప్పే హక్కు ఆయన చేతిలోనే ఉంది. ప్రభుత్వ సాయం కాపాడాల్సింది ఆ హక్కునే.

అందుకే డబ్బు ఎవరి చేతికి వెళుతుందన్నది పెద్ద విషయం. బ్రిటన్‌లో సంరక్షణ కోసం స్థానిక సంస్థలు వికలాంగులకు నేరుగా నగదు ఇవ్వడానికి చాలా ఏళ్లు చట్టం ఒప్పుకోలేదు. ఆ సంస్థలు పంపిన మనిషితోనే సరిపెట్టుకోవాల్సి వచ్చేది. 1996లో చేసిన చట్టంతో ఆ అడ్డు తొలగింది. స్వీడన్‌లో 1994 నుంచి, ఎక్కువ సాయం కావాల్సినవాళ్లకు వ్యక్తిగత సహాయకుణ్ణి పొందడం చట్టబద్ధమైన హక్కు. డబ్బు చేతికిస్తే దుబారా చేస్తారేమో అని కొందరి అనుమానం. లెక్కలు అడగండి, తప్పులేదు. జీతం తీసుకునే ఎవరినీ అడగని ప్రశ్న వీళ్లనే అడుగుతారు చూడండి, అదే నాకు రుచించదు.

సహాయకుడు ఒక్కడే చాలడు. చక్రాల కుర్చీ పట్టే గుమ్మం, ఎక్కగలిగే బస్సు, అద్దెకు దొరికే ఇల్లు కూడా ఉండాలి. మేధోవైకల్యం ఉన్నవారికైతే బ్యాంకు కాగితం తేలిక మాటల్లో విడమరిచి చెప్పే మనిషి కావాలి. వాళ్ల బదులు సంతకం పెట్టేసే మనిషి కాదు.

ఐక్యరాజ్యసమితి 2006లో ఆమోదించిన వికలాంగుల హక్కుల ఒప్పందంలో 19వ అధికరణం ఇదే చెబుతుంది: ఎక్కడ, ఎవరితో ఉండాలో ఎంచుకునే అవకాశం అందరితో సమానంగా వికలాంగులకూ ఉండాలి. ఫలానా చోటే ఉండమని బలవంతం చేయకూడదు. మన 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 5వ సెక్షన్‌ కూడా ఇంచుమించు ఇదే మాట అంటుంది.

ఇంట్లో అమ్మానాన్నలు చూసుకోరా అంటారేమో. చూసుకుంటారు. కానీ వాళ్లూ ముసలివాళ్లవుతారు. పైగా పాతికేళ్ల మనిషికి స్నేహితుల దగ్గరికి వెళ్లడానికి అమ్మను వెంటబెట్టుకు పోవాలని ఉంటుందా?

చట్టాలున్న చోట కూడా అసలు పేచీ గంటల దగ్గర వస్తుంది. వారానికి ఎన్ని గంటల సాయం అవసరమో అధికారులు లెక్కగడతారు. ఖర్చు తగ్గించాలనుకున్నప్పుడు స్నానానికీ భోజనానికీ గంటలిచ్చి, సినిమాకో పెళ్లికో ఓటు వేయడానికో వెళ్లే గంటలు కోసేస్తారు. అప్పుడు మనిషి ఉండేది సొంత ఇంట్లోనే, గడప మాత్రం దాటలేరు. సహాయకులకు జీతాలు తక్కువైతే ఆ పనిలో ఎవరూ నిలవరు, కాగితం మీద గంటలున్నా తలుపు తట్టే మనిషి ఉండడు. కాబట్టి ఏ ప్రభుత్వమైనా వికలాంగుల కోసం ఇంత ఖర్చుపెట్టామని చెప్పినప్పుడు, అందులో భవనాలకెంత, మనుషుల చేతికెంత అని అడగండి.

ఆశీస్సులతో,
మీ తాతయ్య