ఆర్థికవేత్తల రాజకీయం: తగువు మొదలైంది పార్టీ దగ్గర కాదు

అమెరికాలో కనీస వేతనం పెంచాలన్న మాట వచ్చిన ప్రతిసారీ, విశ్వవిద్యాలయాల్లోని ఆర్థికవేత్తలు ఏ పార్టీ మనుషులన్న తగువూ దాని వెంటే వస్తుంది. వాళ్లు డెమోక్రాట్ల వైపు మొగ్గుతారని ఆరోపించేవాళ్లు తరచూ చూపేది 2016లో వెలువడిన ఓటరు నమోదు లెక్క. 40 ప్రముఖ విశ్వవిద్యాలయాల అర్థశాస్త్ర ఆచార్యుల్లో ఒక్కో రిపబ్లికన్‌కు 4.5 మంది డెమోక్రాట్లున్నారని అది తేల్చింది. అదే లెక్కలో చరిత్ర శాఖ నిష్పత్తి 33.5. పరిశీలించిన ఐదు శాఖల్లోనూ ఎడం అతి తక్కువగా ఉన్నది అర్థశాస్త్రంలోనే. కాబట్టి పార్టీ లెక్కలతో ఈ గొడవ అర్థం కాదు. దీని మూలం 1990లలో జరిగిన ఒక వ్యవహారంలో ఉంది.

1992 ఏప్రిల్ 1న న్యూజెర్సీ రాష్ట్రం గంటకు 4.25 డాలర్లున్న కనీస వేతనాన్ని 5.05 డాలర్లు చేసింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ దీన్ని అవకాశంగా తీసుకున్నారు. రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాలకు పెంపు ముందు ఒకసారి, ఏడాది చివర మరోసారి ఫోన్ చేయించారు. ఎంతమంది పనిచేస్తున్నారు, జీతం ఎంతతో మొదలవుతుంది, పూర్తి భోజనం ధర ఎంత అని అడిగించారు. రెండోసారి ఫోన్‌కు దొరకని దుకాణాలకు మనిషినే పంపారు. మూతపడ్డవాటినీ లెక్కలో ఉంచారు. న్యూజెర్సీలో ఒక్కో దుకాణంలో సగటు సిబ్బంది 20.4 నుంచి 21కి చేరితే, వేతనం పెరగని పెన్సిల్వేనియాలో 23.3 నుంచి 21.2కు పడింది. ఉద్యోగాలు పోతాయన్న పాఠ్యపుస్తకం మాట అక్కడ నిజం కాలేదు.

అప్పటికి ఆర్థికవేత్తల్లో ఈ విషయంపై దాదాపు ఏకాభిప్రాయం ఉండేది. 1990లో జరిపిన సర్వేలో పదిమంది ఆర్థికవేత్తల్లో దాదాపు ఎనిమిది మంది, కనీస వేతనం పెంచితే యువతలో, నైపుణ్యం లేనివాళ్లలో నిరుద్యోగం పెరుగుతుందన్నారు. అందుకే 1994లో అమెరికన్ ఎకనమిక్ రివ్యూ అనే పరిశోధన పత్రికలో కార్డ్, క్రూగర్‌ల పత్రం అచ్చయినప్పుడు దాన్ని కొత్త ఆధారంగా తూచిచూసినవాళ్లు ఉన్నా, తిరుగుబాటుగా చూసినవాళ్లూ ఉన్నారు. 1996 ఏప్రిల్‌లో, జాతీయ కనీస వేతనం పెంపుపై వాషింగ్టన్‌లో వాదన జోరుగా ఉన్న రోజుల్లో, నోబెల్ గ్రహీత జేమ్స్ బుకానన్ వాల్‌స్ట్రీట్ జర్నల్‌లో తన కోపం బయటపెట్టారు. నీరు ఎగువకు పారుతుందని ఏ భౌతిక శాస్త్రవేత్తా అననట్టే, ఆత్మగౌరవమున్న ఏ ఆర్థికవేత్తా వేతనం పెంచితే ఉద్యోగాలు పెరుగుతాయని అనడన్నారు. రెండు శతాబ్దాల బోధనను వదిలేయడానికి సిద్ధపడ్డవాళ్లు కొద్దిమందే కావడం అదృష్టమంటూ, సైనిక శిబిరాల వెంట తిరిగే వేశ్యలతో పోలిక తెచ్చారు. ఒక శాస్త్రంలో పెద్దవాడు తోటి పరిశోధకుల గురించి వాడాల్సిన భాష కాదది.

ఎదుటి పక్షానికీ వాదన ఉంది. ఫోన్‌లో అడిగిన ప్రశ్నలు అస్పష్టంగా ఉన్నాయని, జీతాల పట్టీలు చూస్తే న్యూజెర్సీలో ఉపాధి తగ్గినట్టే కనబడుతోందని ఆర్థికవేత్తలు డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ చూపించారు. అయితే ఆ పట్టీల్లో కొన్నింటిని సేకరించింది రెస్టారెంట్ పరిశ్రమతో సంబంధాలున్న సంస్థ. 2000లో ఇరుపక్షాల పత్రాలూ అదే పత్రికలో వచ్చాయి. ఈసారి కార్డ్, క్రూగర్ ప్రభుత్వ కార్మిక గణాంకాల సంస్థ సమాచారంతో మళ్లీ లెక్కగట్టారు. చెప్పుకోదగ్గ నష్టమేమీ కనబడలేదు. కొట్లాట అంకెల మీదకు వచ్చింది. మొదటే అలా జరిగి ఉండాల్సింది.

కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. ఈ పని తనకు ఎందరో స్నేహితుల్ని దూరం చేసిందని, షికాగోలో తన తొలి ఉద్యోగం నాటి పరిచయస్తులు సైతం అర్థశాస్త్రానికే ద్రోహం చేసినట్టు చూశారని 2006లో ఒక ఇంటర్వ్యూలో కార్డ్ చెప్పారు. ఆ అంశం మీద తర్వాత పనిచేయకపోవడానికి అదీ ఒక కారణమన్నారు. ఆయనకు 2021లో నోబెల్ వచ్చింది. క్రూగర్ 2019లోనే మరణించారు. క్రూగర్ క్లింటన్, ఒబామా ప్రభుత్వాల్లో పనిచేశారు కాబట్టి ఆ ఫలితం డెమోక్రాట్ల ఫలితమేనని అనేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ ఫోన్ సర్వే ఆయన ప్రభుత్వంలో చేరక ముందే, రిపబ్లికన్ జార్జ్ బుష్ (సీనియర్) అధ్యక్షుడిగా ఉండగా జరిగింది.

2013లో షికాగో విశ్వవిద్యాలయం ప్రముఖ ఆర్థికవేత్తల బృందాన్ని అడిగితే, 9 డాలర్ల కనీస వేతనం వల్ల నైపుణ్యం తక్కువున్నవాళ్లకు పని దొరకడం కష్టమవుతుందన్న మాటతో ఏకీభవించినవాళ్లు, విభేదించినవాళ్లు ఇంచుమించు సమానంగా తేలారు. మరుసటి ఏడాది పెంపును సమర్థిస్తూ ఒక లేఖ, వ్యతిరేకిస్తూ ఇంకొకటి వెలువడ్డాయి. రెండింటి మీదా వందల సంతకాలు, రెండు వైపులా నోబెల్ గ్రహీతలు. పాత ఏకాభిప్రాయం చెదిరింది గానీ, ఎవరు చెప్పారన్నదాన్ని బట్టి మాటను తూచే అలవాటు పోలేదు. 2019లో వెలువడిన ఒక అధ్యయనం 19 దేశాల ఆర్థికవేత్తలకు ఒకే వాక్యాన్ని వేర్వేరు పేర్లతో చూపించింది. ప్రధాన స్రవంతి ఆర్థికవేత్త పేరు తీసి, ఆ స్రవంతికి బయటివాళ్ల పేరు పెట్టగానే ఒప్పుకునేవాళ్లు తగ్గారు. చెప్పిన విషయాన్ని బట్టే మాటను తూచాలని అదే సర్వేలో ఎక్కువమంది చెప్పారు.