మంట పెంచినంత మాత్రాన మరిగే ఎసరు మరింత వేడెక్కదు

గుప్తోష్ణం, అంటే ఉష్ణోగ్రత పెరగకుండా నీళ్లు ఆవిరవడానికో ఐసు కరగడానికో పోయే వేడి. ఆ పాఠం చదివి మార్కులు తెచ్చుకున్నవాళ్లు కూడా వంటింట్లోకి రాగానే దాన్ని మర్చిపోతారు.

అపోహ: ఎసరు తెర్లుతున్నా మంట పెద్దగానే ఉండాలి, అప్పుడే పప్పు త్వరగా ఉడుకుతుంది.

వాస్తవం: మామూలు గిన్నెలో నీళ్ల వేడి మరిగే దగ్గరే ఆగిపోతుంది. విశాఖలో 100 డిగ్రీలు, 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాద్‌లో సుమారు 98. ఆపైన ఎంత మంట పెట్టినా ఆ వేడంతా నీళ్లను ఆవిరి చేయడానికే పోతుంది, థర్మామీటర్ కదలదు. పప్పును ఉడికించేది ఆ ఉష్ణోగ్రతే, బుడగల జోరు కాదు.

లెక్క చూడండి. లీటరు నీళ్లు 30 నుంచి 100 డిగ్రీలకు చేరడానికి 70 కిలో కెలోరీలు చాలు. అదే లీటరు మొత్తం ఆవిరైపోవాలంటే 540 కావాలి. కిలో వంటగ్యాస్ ఇచ్చేది దాదాపు 11,000. అందులో మూడింట రెండొంతులే గిన్నెకు అందుతుందనుకుంటే, ఊరికే ఆవిరైన ప్రతి లీటరుకూ 70 గ్రాములకు పైగా గ్యాస్ ఖర్చు. రోజుకు అరలీటరు చొప్పున పోయినా నెలకు కిలో దాటుతుంది. సిలిండర్‌లో ఉండేదే 14.2 కిలోలు.

సిమ్‌లో పెడితే పప్పు పలుకుగా మిగిలిపోతుందేమోనన్న భయం సహజమే. మూత పెట్టి, మధ్యమధ్యలో తీసి చూడండి. చిన్న బుడగలు ఆగకుండా వస్తుంటే వేడి తగ్గలేదన్నమాట. ఆగిపోతే మంట కొంచెం పెంచండి. అయినా ఉడకలేదంటే పప్పు పాతదో, బోరు నీళ్లు మరీ కఠినమో అయి ఉంటుంది.

కుక్కర్ సంగతి వేరు. ఒత్తిడి పెరిగి నీళ్లు 120 డిగ్రీల దగ్గర గానీ మరగవు. మొదటి విజిల్ వచ్చిందంటే ఆ ఒత్తిడి వచ్చేసినట్టే. తర్వాతి విజిళ్లతో వేడి పెరగదు, ఆవిరి పోతుందంతే. మంట తగ్గించి నిమిషాలు లెక్కపెట్టుకోండి.

ఆవిరి తగిలితే చురుక్కుమంటుంది, అంతేగా అనుకోవద్దు. గ్రాము మరిగే నీళ్లు ఒంటి మీద పడితే, ఒంటి వేడికి చల్లబడేలోగా సుమారు 60 కెలోరీలు దిగుతాయి. గ్రాము ఆవిరి చర్మం మీద నీరైతే ముందు 540, ఆపైన ఆ 60 కూడా. అంటే పది రెట్లు. మూత తీసేటప్పుడు అవతలి అంచు ముందు లేపండి. కాలితే 20 నిమిషాలు కుళాయి ధార కింద ఉంచండి. ఐసు, టూత్‌పేస్టు వద్దే వద్దు.

ఇక గుప్తోష్ణం గురించిన మిగతా అపోహలు. 0 డిగ్రీల ఐసూ 0 డిగ్రీల నీళ్లూ ఒకటే అనేవాళ్లున్నారు. కిలో ఐసు కరుగుతూనే 80 కిలో కెలోరీలు లాగేసుకుంటుంది, చేపల పెట్టెలో చల్లనీళ్లు కాకుండా ఐసు వేసేది అందుకే. గడ్డకట్టేటప్పుడు అదే 80 బయటికి వస్తుంది, ఫ్రిజ్ దాన్ని తోడి వెనక్కి పంపాలి. చల్లటి చెంబు బయట కనిపించే నీళ్లు లోపలి నుంచి కారినవి కావు, గాలిలోని తేమ. ఉక్కపోత రోజుల్లో కుండ నీళ్లు అంతగా చల్లబడకపోవడం కుండ తప్పు కాదు, నీరు ఆవిరవ్వడానికి గాలిలో చోటు లేదు. అందం కోసం ఒంటినిండా రంగు వేసిన కుండదైతే ముమ్మాటికీ దాని తప్పే, సన్నటి రంధ్రాలన్నీ మూసుకుపోతాయి.